వేదాయపాళెంలో బండి ఎందుకాగిందంటే: కొన్ని అపోహలు, అసలు సంగతులు

నెల్లూరు చుట్టుపక్కల చిన్న స్టేషన్లలో మాస్టర్ ఉద్యోగం నాది. కిటికీ దగ్గర రోజూ వినపడే మాటలే ఇవి.

అపోహ: ప్యాసింజర్ బండంటే లెక్కలేక మాస్టరే లూప్ లైన్లో (మెయిన్ లైన్ పక్కన బండిని ఆపి ఉంచే లైన్లో) పడేస్తాడు.

"ఏంది సార్, అరగంటైంది!" అని గొడవకొస్తారు. ఏ బండి ముందు పోవాలో చెప్పేది విజయవాడలో బండ్ల నడకని చూసే కంట్రోల్ ఆఫీసు. నా పని పక్క స్టేషన్ నుంచి లైన్ క్లియర్ (బండి పంపొచ్చన్న అనుమతి) తీసుకుని, రూటు పెట్టి సిగ్నల్ ఇవ్వడం. వెనకాల 130 స్పీడులో ఎక్స్‌ప్రెస్ వస్తుంటే మెయిన్ లైన్ ఖాళీ చేయాల్సిందే కదా, పైగా లూప్‌లోకి మళ్లే బండి పాయింట్ల (పట్టాలు మారే చోటు) మీద 30 దాటకూడదు, రావడానికీ పోవడానికీ అక్కడే బోలెడు టైం పోతుంది. సరే, ఎక్స్‌ప్రెస్ వెళ్లిపోయింది, ఇంక వదలొచ్చుగా? కుదరదు. మామూలు బ్లాక్ పద్ధతిలో రెండు స్టేషన్ల మధ్య ఒక లైన్ మీద ఒకటే బండి ఉండాలి (ఆటోమేటిక్ సిగ్నళ్లున్న చోట లెక్క వేరు). ముందు పోయిన ఎక్స్‌ప్రెస్ పూర్తిగా చేరిందని అవతలి స్టేషన్ మాస్టర్ చెప్పాలి.

ఆయనకెలా తెలుస్తుంది? చివరి పెట్టె వెనక ఎల్‌వీ (లాస్ట్ వెహికల్, అంటే చివరి పెట్టె) అని చిన్న బోర్డు ఉంటుంది, రాత్రయితే ఎర్ర లైటు. అది కనపడితే మధ్యలో పెట్టెలేవీ తెగిపోలేదని అర్థం. అందుకే నేను పచ్చజెండా పట్టుకుని నిలబడేది బండిని పంపడానికే అనుకోవద్దు, పంపేది సిగ్నల్. ఏ చక్రం దగ్గరైనా పొగ వస్తోందా, కింద ఏదైనా వేలాడుతోందా అని నా కళ్లు బండి మీదే ఉంటాయి. ఆ టైంలో వచ్చి "మెమూ (కరెంటు లోకల్ బండి) ఎప్పుడు సార్?" అంటే నేను పలకను. పొగరు కాదు సామీ.

అపోహ: 2021 వరదకి పెన్నా రైలు వంతెన కొట్టుకుపోయింది.

లేదు. ఆ నవంబర్‌లో నెల్లూరు పక్క స్టేషన్ పడుగుపాడు దగ్గర నీళ్లు పట్టాలు దాటి పారాయి. బండ్లు ఆగింది అందుకు.

అపోహ: వేదాయపాళెం నుంచి చెన్నైకి తీసుకున్న టికెట్‌తో నెల్లూరులో ఎక్కొచ్చు.

చెన్నై వైపు పోతుంటే నెల్లూరు తర్వాతే వేదాయపాళెం వస్తుంది. నెల్లూరు నుంచి వేదాయపాళెం దాకా ఉన్న ఆ ముక్కకి మీ దగ్గర టికెట్ లేనట్టే. ఆర్డినరీ టికెట్‌తో సూపర్‌ఫాస్ట్ ఎక్కినా ఫైనే. ఇంకోటి, 199 కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్ రోజంతా చెల్లదు. మూడు గంటల్లోపు గానీ, ఆ ఊరికి పోయే మొదటి బండికి గానీ, ఏది ఆలస్యమైతే దానికి బయల్దేరాలి. పొద్దున కొని సాయంత్రం వచ్చేవాళ్లూ, వినండి.