బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్: కలిసినట్టే కలిసి ఎందుకు ఆగిపోయారు?

1960ల నాటి అమెరికన్ రాక్ బ్యాండ్ బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ రీయూనియన్ మాట ఎప్పుడు లేచినా గొడవ చివరికి అందులో పాడుతూ గిటారు వాయించిన నీల్ యంగ్ దగ్గరికే వచ్చి ఆగుతుంది. 1966లో లాస్ ఏంజెలెస్ ట్రాఫిక్‌లో కాబోయే తోటి సభ్యులు స్టీఫెన్ స్టిల్స్, రిచీ ఫ్యూరే ఆయన్ని గుర్తుపట్టి ఆపిన కథ, రోడ్డు రోలర్ మీద పేరు చూసి బ్యాండ్‌కి పెట్టుకున్న కథ అభిమానులకి కంఠతా వచ్చు, వదిలేద్దాం.

అసలు ముడి 1967 జూన్‌లో పడింది. వాళ్ల పాట 'ఫర్ వాట్ ఇట్స్ వర్త్' అప్పటికే హిట్, ముందు జానీ కార్సన్ టీవీ షో, మాంటెరీ పాప్ ఫెస్టివల్ ఉన్నాయి, సరిగ్గా అప్పుడే యంగ్ వెళ్లిపోయాడు. టీవీ షో పోయింది. మాంటెరీలో ఆయన చోట బర్డ్స్ బ్యాండ్‌లోని డేవిడ్ క్రాస్బీ నిలబడ్డాడు. కొన్ని నెలలకి యంగ్ తిరిగొస్తే వీళ్లు మారు మాట్లాడకుండా చేర్చుకున్నారు. నన్నడిగితే తర్వాతి కథంతా అక్కడే ఖాయమైంది, ఎప్పుడు వెళ్లినా మళ్లీ రానిస్తారని ఆయనకి తెలిసిపోయింది. 1968 మేలో బ్యాండ్ ముగిసింది. 1976లో యంగ్, స్టిల్స్‌తో చేస్తున్న టూర్‌ని సగంలో వదిలేసి టెలిగ్రామ్ పంపాడు. 1997లో బ్యాండ్‌కి జరిగిన రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సన్మానానికీ రాలేదు.

ఆయన వైపు కారణాలు లేకపోలేదు: ఆ రోజుల్లో మూర్ఛ వచ్చేది, స్టిల్స్‌తో అస్తమానం ఘర్షణ, పైగా బేస్ వాయించే బ్రూస్ పామర్‌ని గంజాయి కేసులో దేశం నుంచి పంపేశారు.

కానీ రిచీ ఫ్యూరే సంగతి ఎవరికీ పట్టదు. మొదటి ఆల్బమ్‌లో యంగ్ రాసిన పాటలు కొన్ని పాడింది ఈయనే. తర్వాత జిమ్ మెస్సీనాతో కలిసి పోకో బ్యాండ్ పెట్టాడు, ఆ తర్వాత కొలరాడోలో పాస్టర్ అయ్యాడు. 2010 అక్టోబరులో యంగ్ అప్పట్లో ఏటా జరిపే బ్రిడ్జ్ స్కూల్ కచేరీలో యంగ్, స్టిల్స్, ఫ్యూరే ముగ్గురూ కలిసి పాడినప్పుడు విడిపోయి 42 ఏళ్లు, పామర్, డ్రమ్మర్ డ్యూయీ మార్టిన్ అప్పటికే లేరు. 2011 జూన్‌లో ఓక్లాండ్, లాస్ ఏంజెలెస్, శాంటా బార్బరా, టెన్నెస్సీలో బొన్నరూ ఫెస్టివల్, అంతే. దాని తర్వాత పెద్ద టూర్ ఉంటుందని అందరూ అనుకున్నారు, ఫ్యూరే కూడా. 2012 మొదట్లో, అది ఇప్పట్లో లేదని చెప్పాల్సిన పని కూడా ఆయన మీదే పడింది, పాపం.

అదే ఏడాది యంగ్ తన ఇంకో బ్యాండ్ క్రేజీ హార్స్‌తో రెండు ఆల్బమ్‌లు విడుదల చేశాడు.