కర్నూల్లో బాడుగిల్లు: 1953 నుంచి ఇప్పటిదాకా

కర్నూల్లో బాడుగకు ఇల్లు వెతుక్కునేవాళ్ళు ఎవరు కలిసినా ఈమధ్య ఒకటే మాట, పోయినేడు చెప్పిన రేటు ఈ ఏడు లేదు, అడ్వాన్సు పెరిగింది, ఓనర్లు అడిగే ప్రశ్నలు పెరిగినాయి, జీతం మాత్రం యాడుందో ఆడనే ఉంది. అదే వీధిలో సొంతిల్లు ఉన్నాయన పైన ఇంకో అంతస్తు లేపుతా ఉంటాడు. ఇద్దరిదీ ఒకే ఆఫీసు, ఒకే జీతం కూడా కావచ్చు, కానీ పదిహేనేళ్ళు తిరిగేసరికి ఒకాయనకు రెండు మూడు పోర్షన్ల బాడుగ వస్తా ఉంటుంది, ఇంకొకాయన సామాన్లు ఎత్తుకుని ఇంకో ఇంటికి పోతా ఉంటాడు. వాళ్ళు పొదుపు చేసుకున్నారు వీళ్ళు చేసుకోలేదు అని చాలామంది తేల్చేస్తారు, నేను ఒప్పుకోను. ఈ తేడా ఈ ఊర్లో ఎట్ల పుట్టి ఎట్ల పెరిగిందో తెలుసుకోవాలంటే డెబ్బై ఏళ్ళు వెనక్కి పోవాల.

ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబర్ 1న ఏర్పడింది. రాజధాని, హైకోర్టు రెండింట్లో ఏది కావాలో రాయలసీమ కోరుకోవచ్చని 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు శ్రీబాగ్ ఒప్పందంలో రాసుకున్నారు కాబట్టి రాజధాని కర్నూలుకు వచ్చింది, హైకోర్టు మరుసటి ఏడు గుంటూరుకు పోయింది. అప్పటికి కర్నూలు జనాభా 1951 లెక్కల్లో అరవై వేల చిల్లర. కొండారెడ్డి బురుజు, దాని చుట్టూ పాతబస్తీ, తుంగభద్రకూ హంద్రీకీ మధ్య ఇరుక్కున్న ఊరు అది. అట్లాంటి ఊరి మీదికి సెక్రటేరియట్, మంత్రులు, గుమాస్తాలు, బంట్రోతులు, వాళ్ళ సంసారాలు అన్నీ మద్రాసు నుంచి ఒక్కసారిగా దిగినాయి. కట్టడాలు చాలక ఆఫీసులు గుడారాల్లో నడిచినాయి, ఉద్యోగులూ గుడారాల్లోనే సర్దుకున్నారు. మనం ఇప్పుడు ఆటోవాళ్ళకు చెప్పే ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అనే పేర్లన్నీ ఆ కాలంలోవే.

ఇక్కడ చూడాల్సింది అప్పటి చట్టం. మన జిల్లాకు అప్పుడు వర్తించింది 1949 నాటి మద్రాసు అద్దె నియంత్రణ చట్టం. ఇల్లు ఖాళీ అయితే ఓనరు ఆ సంగతి అధికారికి తెలపాల, సర్కారుకు కావాలంటే ఆ ఇంటిని తన ఉద్యోగుల కోసం తీసుకోవచ్చు. అంటే ఊర్లో ఇండ్ల కరువు వచ్చినప్పుడు లైన్లో ముందు నిలబడేది సర్కారు ఉద్యోగి, రిక్షా లాగేటోడు, బీడీలు చుట్టేటోళ్ళు, మార్కెట్లో మూటలు మోసేటోళ్ళు ఆ లైన్లోనే లేరు. ఉద్యోగిని నేను తప్పు పట్టడం లేదు, గుడారంలో పిల్లలతో ఎండలో ఉన్నోడికి ఇల్లు కావాల్సిందే. కానీ ఇండ్ల సమస్య అంటే ముందు ఉద్యోగుల క్వార్టర్లు, మిగతా జనం ఎట్లనో అట్ల బతుకుతారులే అనే ఆలోచన ఆ రోజే పడిపోయింది, ఆ తర్వాత అది పెద్దగా మారలేదు.

1956 నవంబర్ 1న రాజధాని హైదరాబాద్‌కు పోయింది. నాలుగేళ్ళకు 1960లో ఆంధ్రప్రదేశ్ కొత్త అద్దె నియంత్రణ చట్టం తెచ్చింది. కారణం చూపకుండా ఖాళీ చేయించకూడదు, న్యాయమైన అద్దె ఎంతో కంట్రోలరు తేల్చాల, ఇంతవరకు మంచి మాటలే. అయితే ఆ న్యాయమైన అద్దెను యాడి నుంచి లెక్కపెట్టినారంటే 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలల్లో ఆ ఏరియాలో నడిచిన బాడుగల నుంచి, దాని మీద ఇంత శాతం పెంచుకోవచ్చని. యుద్ధకాలం నాటి రేటు పట్టుకుని స్వతంత్రం వచ్చినాక కట్టిన ఊరికి బాడుగ తేల్చడం ఎట్ల కుదుర్తుంది? పాత బాడుగదారులు కొంతమంది చాలా తక్కువకే ఏళ్ళ తరబడి ఉండిపోయినారు, ఓనర్లు రిపేర్లు మానేసినారు, మట్టి మిద్దెలు కారతా ఉన్నా పట్టించుకోలేదు, కోర్టు కేసులు తండ్రి నుంచి కొడుక్కి వచ్చినాయి. దాంతో ఇల్లు బాడుగకు ఇస్తే ఇంక మనది కాదేమో అనే భయం ఓనర్లలో పట్టుకుంది. పదకొండు నెలల అగ్రిమెంట్ ఇంత గట్టిగా నాటుకుపోవడం వెనక ఆ భయం కూడా ఉంది, ఏడాది మించిన లీజునే 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం అప్పట్లో రిజిస్టర్ చేయించాల్సి ఉండేది కాబట్టి ఒక నెల తగ్గించి స్టాంపు కాగితం మీద రాసేసుకోవడం అలవాటైపోయింది.

చట్టాన్ని బాగుచేయాల్సింది పోయి ప్రభుత్వాలు దాన్ని కొంచెం కొంచెం కోసుకుంటా వచ్చినాయి. కొత్తగా కట్టిన బిల్డింగులకు పదేళ్ళు వర్తించదన్నారు. 1983లో నెలకు 1,000 రూపాయలు దాటిన బాడుగలకు వర్తించదన్నారు. 2005లో ఆ గీతను కార్పొరేషన్లలో 3,500కి, మిగతా ఊర్లలో 2,000కి మార్చినారు. కర్నూలు 1994 నుంచి కార్పొరేషన్. 3,500 లోపల ఒక సంసారం ఉండే ఇల్లు ఈ ఊర్లో ఎన్నాళ్ళు దొరికింది? బాడుగలు పెరిగేకొద్దీ చట్టం రక్షణ దానంతట అదే పోయింది, ఎవరూ రద్దు చేయాల్సిన పని లేకుండానే.

అదే కాలంలో సొంతిల్లు ఉన్నోళ్ళకూ కట్టుకోగలిగినోళ్ళకూ మాత్రం దారులు ఒకదాని మీద ఒకటి తెరుచుకున్నాయి. ఉద్యోగులకు సొసైటీ ప్లాట్లు, ఇల్లు కట్టుకోను ప్రభుత్వ అప్పు, ఎన్జీవోస్ కాలనీ లాంటివి లేచినాయి. ఆరోజు చవకగా స్థలం దొరికినోళ్ళ పిల్లలే ఈరోజు రెండు మూడు అంతస్తుల ఓనర్లు. 2000 తర్వాత బ్యాంకులు హోమ్ లోన్లు ధారాళంగా ఇచ్చినాయి. ఇన్‌కం ట్యాక్స్ పాత పద్ధతిలో సొంతింటి అప్పు మీద ఏడాదికి 2 లక్షల దాకా వడ్డీ మినహాయింపు, అసలు మీద ఇంకో మినహాయింపు. జీతంలో హెచ్‌ఆర్‌ఏ, అంటే ఇంటి బాడుగ భత్యం లేనోడు బాడుగ కడితే వచ్చేది నెలకు 5,000 మించదు. ఇక ఆటో తోలేటోడికి, బట్టల షాపులో సేల్స్‌గర్ల్‌కు ఏ మినహాయింపూ లేదు, వాళ్ళు ట్యాక్స్ కట్టేంత సంపాదించరు కాబట్టి ఆ సాయం వాళ్ళ గడప తొక్కదు.

పేదల ఇండ్లు కట్టలేదా అంటే కట్టినారు. 1979లో హౌసింగ్ కార్పొరేషన్ పెట్టినారు, ఎన్టీఆర్ కాలంలో పక్కా ఇండ్లు, 2006 నుంచి ఇందిరమ్మ ఇండ్లు, తర్వాత టౌన్లలో పేదలకు టిడ్కో ఫ్లాట్లు, 2020 డిసెంబర్ 25 నుంచి 30 లక్షలకు పైగా ఇంటి పట్టాలు. పార్టీలు మారినా పద్ధతి ఒకటే, స్థలం ఇవ్వడం లేదా ఇల్లు ఇవ్వడం. బాడుగకు ఇచ్చే ప్రభుత్వ ఇల్లు అనేది ఉద్యోగి క్వార్టర్ రూపంలో తప్ప ఎవరి మేనిఫెస్టోలోనూ నాకు కనపడలేదు. టౌన్లలో ఆ పట్టా ఒక సెంటు, అంటే 48 గజాల చిల్లర, అది కూడా ఊరి బయట. పొద్దున ఆరుకు మార్కెట్లో ఉండాల్సిన హమాలీ అంత దూరం పోయి ఉండలేక మళ్ళీ పాతబస్తీలో ఒక రూము బాడుగకు తీసుకుంటాడు, పట్టా ఉంది కాబట్టి లెక్కలో మాత్రం ఇల్లున్నోడు.

మధ్యలో రెండు దెబ్బలు పడినాయి. ఒకటి శ్రీశైలం ప్రాజెక్టు. 1981లో ఊర్లకు ఊర్లు ఖాళీ చేయించినప్పుడు భూమి, ఇల్లు పేరు మీద ఉన్నోళ్ళకు ఎంతోకొంత పరిహారం అందింది, 1986లో 98 జీవో వచ్చి ఇంటికొక ఉద్యోగం అన్నారు, దానికోసం మనుషులు ముసలోళ్ళయ్యేదాకా ఆఫీసుల చుట్టూ తిరిగినారు. ఒకరి చేను చేసుకుంటా, ఒకరి కొట్టంలో ఉంటా బతికినోళ్ళకు చూపించుకోను కాగితమే లేదు. వాళ్ళు ఆత్మకూరు, నందికొట్కూరు, కర్నూలు దారి పట్టి కూలీలుగా, బాడుగదారులుగా కొత్తగా మొదలుపెట్టినారు.

రెండోది 2009 అక్టోబర్ 2 వరద. శ్రీశైలం డ్యాముకు 25 లక్షల క్యూసెక్కుల నీళ్ళు వచ్చి పడినాయి, తుంగభద్ర, హంద్రీ ఊరి మీదికి ఎక్కినాయి, పాతబస్తీలో ఇండ్లు కప్పుల దాకా మునిగినాయి. ఇల్లు కూలితే సాయం ఇంటి పేరు ఎవరి మీద ఉంటే వాళ్ళకు, అది న్యాయమే. బాడుగకు ఉన్నోళ్ళకు బట్టలకు, గిన్నెలకు ఇచ్చే కొద్దిపాటి సాయం, బియ్యం. కానీ వాళ్ళు పోగొట్టుకున్నది గిన్నెలు మాత్రమే కాదు కదా, అడ్వాన్సు డబ్బులు ఓనరు దగ్గర ఇరుక్కున్నాయి, ఓనరే బురదలో ఉన్నప్పుడు ఆయన్ను అడిగేదెట్ల? పైగా నీళ్ళు రాని మిట్ట కాలనీల్లో ఇండ్లకు ఆ రోజు నుంచి గిరాకీ పెరిగింది. కాస్త ఉన్నోళ్ళు అక్కడికి మారినారు, లేనోళ్ళు బురద కడిగిన అదే గదుల్లోకి పోయినారు.

2019 డిసెంబర్‌లో మూడు రాజధానులు, అందులో కర్నూలు న్యాయ రాజధాని అనే మాట వచ్చినప్పుడు జరిగింది అందరికీ గుర్తుంది, ఊరి చుట్టూ వెంచర్ల బోర్డులు లేచినాయి. 2021 నవంబర్‌లో మూడు రాజధానుల చట్టం వెనక్కి తీసుకున్నారు, 2024 నవంబర్‌లో కర్నూల్లో హైకోర్టు బెంచి పెట్టాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. ఇవి మన ఊరికి రావాల్సినవే, నేనూ కోరుకుంటాను. కానీ ప్రకటన వచ్చిన రోజే సెంటు రేటు పెరుగుతుంది, ప్రకటన ఆగిపోయినా పెరిగిన రేటు అంత తొందరగా దిగదు. స్థలం ఉన్నోడికి అది ఆస్తి, లేనోడికి సొంతింటి ఆశ ఇంకొంచెం దూరం.

ఆ దూరం ఎంతో ఒక లెక్క వేసి చూడండి. 50 లక్షల ఇల్లు అనుకుందాం, బాడుగ దాని విలువలో ఏడాదికి 3 శాతం అనుకుంటే నెలకు 12,500. అదే ఇంటికి 40 లక్షలు ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ళకు అప్పు తెస్తే ఈఎంఐ 34,700 దాకా అవుతుంది, చేతిలో ముందే 10 లక్షలు ఉండాల, రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం వేరే. బాడుగకే నెలాఖరు గడవనోడు ఈ రెండింటి మధ్య గుంత ఎట్ల దాటుతాడు? దాటేటోళ్ళు ఎక్కువమంది అమ్మానాన్నల స్థలమో, పెండ్లాం పుట్టింటోళ్ళ బంగారమో, చీటీ పాటో ఆసరా చేసుకుని దాటుతారు. పొదుపు సంగతి తర్వాత, ముందు వెనకాల ఏముంది అనేదే.

ఇప్పుడు కరెంటు బిల్లు చూద్దాం, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. మూడు పోర్షన్లకు ఒకటే మీటరు ఉన్న ఇండ్లు మనకు బోలెడు. ఒక్కో సంసారం నెలకు 100 యూనిట్లు కాలిస్తే, విడివిడి మీటర్లయితే 2022లో పెట్టిన స్లాబుల ప్రకారం ఒక్కొక్కరికి 304 రూపాయల చిల్లర, ముగ్గురికీ కలిపి 913. అదే 300 యూనిట్లు ఒకే మీటరు మీద పడితే పై స్లాబులోకి పోయి 1,673, సర్‌చార్జీలు కలపకుండానే. ఆ తేడా ఎవరు కడతారో చెప్పాల్సిన పని లేదు, సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు ఇంత అని ఓనరు చెప్పిందే రేటు. ఇంకా దారుణం ఏమంటే పెన్షన్లకు, పథకాలకు నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదని నిబంధన పెట్టినప్పుడు, ఓనరు మీటరుకు బాడుగదారుల ఆధార్ ముడిపడిపోయి ఎంతోమందికి పథకాలు ఆగిపోయినాయి. ఇంట్లో ఒక ఫ్యాను, రెండు బల్బులు ఉన్న ముసలామె, ఆ మీటరు నాది కాదు నాయనా అని వార్డు సచివాలయంలో కాగితాలు పట్టుకుని తిరగాల్సి వచ్చింది.

ఇంక ఇల్లు అడగను పోతే మొదటి ప్రశ్న "మీరేమోళ్ళు?" కులం చెప్పినాక, తురకోళ్ళని తెలిసినాక, ఖాళీగా ఉన్న ఇల్లు ఒక్కసారిగా "నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చిపోయినారు" అయిపోతుంది. ఇంతమంది ముస్లింలు, ఇంతమంది దళితులు ఉన్న ఊర్లో వాళ్ళకు దొరికే ఇండ్లు కొన్ని వీధులకే పరిమితం, వీధులు తక్కువైతే ఆ వీధుల్లో బాడుగ ఎక్కువ. ఏ అద్దె చట్టంలోనూ దీని గురించి గట్టిగా ఒక్క మాట రాసినట్టు నేను చూడలేదు. ఓనర్లందరూ చెడ్డోళ్ళని కాదు, పెన్షన్ లేని పెద్దామెకు పై పోర్షన్ బాడుగే మందుల ఖర్చు, ఆమె భయాలు ఆమెవి. కానీ ఈ ప్రశ్న అడగడం మాత్రం ఏ భయంతోనూ సరిపెట్టుకోలేము.

1960 చట్టం పోయి 2017లో కొత్త అద్దె చట్టం వచ్చింది, అగ్రిమెంట్ రాతపూర్వకంగా ఉండాల, గొడవలొస్తే రెంట్ అథారిటీ దగ్గరికి పోవాల అని. 2021లో కేంద్రం ఇచ్చిన నమూనా చట్టంలో ఇంటికి అడ్వాన్సు రెండు నెలల బాడుగ దాటకూడదని ఉంది. రెంట్ అథారిటీ దగ్గరికి పోయి పని చేయించుకున్నామని చెప్పిన బాడుగదారు ఒక్కరు కూడా నాకు ఇంతవరకు కలవలేదు. అగ్రిమెంట్ కాగితం చేతికిస్తేనే కదా పోయేది.

2012లో కేంద్రం వేసిన నిపుణుల బృందం దేశంలో టౌన్లకు 1 కోటి 88 లక్షల ఇండ్లు తక్కువున్నాయని తేల్చింది, 2011 జనాభా లెక్కల్లో టౌన్లలోనే ఖాళీగా ఉన్న ఇండ్లు 1 కోటి 11 లక్షల దాకా. 2020లో కేంద్రం సర్కారు కట్టి ఖాళీగా పెట్టిన ఇండ్లను వలస కూలీలకు బాడుగకు ఇచ్చే పథకం ప్రకటించింది. మన దగ్గర జగన్నాథగట్టు మీద టిడ్కో బిల్డింగులు ఉన్నాయి. ఈ రాష్ట్రంలో చాలా ఊర్లలో టిడ్కో లబ్ధిదారులు ఇల్లు చేతికి రాకముందే బ్యాంకు నోటీసులు అందుకుని, ఒకపక్క కిస్తీ ఒకపక్క బాడుగ కట్టినారు. ముందు వాళ్ళ ఇండ్లు వాళ్ళకు నీళ్ళు, రోడ్డు, బస్సుతో సహా ఇవ్వాల. ఆ తర్వాత ఎవరి పేరా లేకుండా మిగిలిన ఫ్లాట్లు ఉంటే కార్పొరేషనే కూలీలకు, హాస్పిటళ్ళలో నర్సులకు, చదువుకునే పిల్లలకు నెల బాడుగకు ఇవ్వాల, పోర్షన్‌కొక మీటరు తప్పనిసరి చేయాల, అగ్రిమెంట్ కాగితాన్ని వార్డు సచివాలయంలోనే ఉచితంగా నమోదు చేయాల. ఈసారి ఓట్లడగను వచ్చినోళ్ళను సెంట్లు ఎన్ని ఇస్తారని అడిగేముందు ఈ మూడూ అడగండి.