వెన్నుపాము గాయం, ఊపిరి: ఫిజియోథెరపీ పరిశోధన నడిచి వచ్చిన దారి

వెన్నుపాము దెబ్బతిన్న మనిషి గురించి ఇంట్లోవాళ్లు ముందుగా అడిగేది మళ్లీ నడవగలడా అని. గాయం మెడ భాగంలో అయితే ఫిజియోథెరపిస్టు ముందుగా చూసేది దగ్గు. విభాజక పటలాన్ని, అంటే డయాఫ్రమ్‌ను, కదిలించే ఫ్రెనిక్ నాడి మెడలోని 3, 4, 5 వెన్నుపాము ఖండాల నుంచి పుడుతుంది. గాయం అంతకు పైన పూర్తిస్థాయిలో అయితే మనిషి తనంతట తాను ఊపిరి తీసుకోలేడు. కింద అయితే ఊపిరి ఆడుతుంది గానీ, పక్కటెముకల మధ్య కండరాలూ పొట్ట కండరాలూ పనిచేయక కళ్లెను బయటికి తేగలిగినంత బలమైన దగ్గు రాదు. న్యుమోనియాకు దారి అక్కడే తెరుచుకుంటుంది.

వెన్నుపామును ఏ ఎత్తులో కోస్తే శ్వాస ఎలా మారుతుందో రెండో శతాబ్దంలోనే గ్రీకు వైద్యుడు గేలెన్ జంతువుల్లో గమనించాడు. అయినా చాలాకాలం వైద్యం చేయగలిగింది చూస్తూ ఉండటమే. 1928లో ఫిలిప్ డ్రింకర్, లూయీ షా రూపొందించిన ఇనుప ఊపిరితిత్తి, అంటే మనిషిని మెడ దాకా లోపల ఉంచి ఊపిరి ఆడించే యంత్రం, శ్వాస కండరాలు చచ్చుబడిన పోలియో రోగులను బతికించింది. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించినప్పుడు మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ సూచన మేరకు దాదాపు 1,500 మంది విద్యార్థులు వంతులు వేసుకుని, గొంతులో అమర్చిన గొట్టం ద్వారా చేత్తో సంచి నొక్కుతూ రోగులకు గాలి అందించారు. నేటి వెంటిలేటర్ వైద్యానికి మూలం అదే. యంత్రం లేకుండా నాలుకతో, గొంతుతో గాలిని గుటకలుగా మింగి ఊపిరితిత్తుల్లోకి నెట్టే ‘కప్ప శ్వాస’ను 1951లో క్లారెన్స్ డెయిల్ వివరించారు. శ్వాసను కూడా నేర్పవచ్చని ఫిజియోథెరపీకి తెలియజెప్పింది, నా దృష్టిలో, యంత్రాల కన్నా ఈ చిన్న విద్యే.

మెడ గాయమైనవారి డయాఫ్రమ్‌కు ఇతర కండరాల మాదిరిగానే సాధన చేయించవచ్చని 1980లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. 2013లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి బేరీజు వేసే నివేదిక), శ్వాస కండరాల సాధన వల్ల గాలి పట్టే సామర్థ్యం, పీల్చే బలం, వదిలే బలం పెరుగుతాయని తేల్చింది. అయితే అందులోని అధ్యయనాలు చిన్నవి. ఇక్కడ ఒక విచిత్రం ఉంది: ఈ రోగులకు కూర్చున్నప్పటి కన్నా వెల్లకిలా పడుకున్నప్పుడే ఊపిరి బాగా ఆడుతుంది. కూర్చుంటే పొట్టలోని అవయవాలు కిందికి జారి, డయాఫ్రమ్ చదునుగా మారి, దాని లాగే శక్తి తగ్గుతుంది. అందుకే కూర్చోబెట్టేటప్పుడు పొట్టకు బెల్టు కడతారు.

అసలు మలుపు మరో దిక్కు నుంచి వచ్చింది. వెన్నుపామును ఒక పక్క సగం కోస్తే ఆ వైపు డయాఫ్రమ్ ఆగిపోతుందనీ, తర్వాత రెండో వైపు ఫ్రెనిక్ నాడిని కోస్తే ఆగిపోయిన వైపు మళ్లీ కదులుతుందనీ 1895లోనే డబ్ల్యూ.టి. పోర్టర్ చూపాడు. అంటే నిద్రాణంగా ఉన్న దారులు గాయం తర్వాత కూడా మిగిలే ఉంటాయన్నమాట. వాటిని మేల్కొలపడానికి పరిశోధకులు ఎంచుకున్న సాధనం, తక్కువ ఆక్సిజన్ ఉన్న గాలిని కొద్ది క్షణాలు, మామూలు గాలిని కొద్ది క్షణాలు మార్చిమార్చి పీల్పించడం. దీనివల్ల వెన్నుపాములో సెరటోనిన్ అనే నాడీ రసాయనం విడుదలై, బీడీఎన్ఎఫ్ అనే ప్రొటీన్ తయారై, నాడీకణాల మధ్య సంధులు బలపడతాయని అమెరికా పరిశోధకుడు గోర్డన్ మిచెల్ బృందం జంతువుల్లో నిరూపించింది. ఈ ప్రభావం శ్వాసకే పరిమితం కాలేదు. 2014లో ప్రచురితమైన పరీక్షలో, వెన్నుపాము పాక్షికంగా దెబ్బతిన్న 19 మందికి 5 రోజుల పాటు, రోజుకు 15 విడతలు, ఒక్కో విడత 90 సెకన్లు 9 శాతం ఆక్సిజన్ గాలి ఇచ్చారు; వారి నడక మెరుగుపడింది, నడక సాధన కూడా తోడైనవారిలో ఓర్పు మరింత పెరిగింది.

ఈ ఫలితాన్ని చూసి ఎవరూ సొంతంగా ప్రయత్నించకూడదు. నిద్రలో పదేపదే శ్వాస ఆగే జబ్బులో జరిగేదీ ఆక్సిజన్ తగ్గి పెరగడమే, అది గుండెకూ మెదడుకూ చేటు చేస్తుంది. మెడ గాయమైనవారిలో ఆ జబ్బు మామూలు జనంలో కన్నా ఎక్కువ. ఎంత మోతాదు దాకా మందు, ఎక్కడి నుంచి హాని అన్న ప్రశ్న అందుకే ఇప్పుడు పరీక్షలన్నింటికీ కేంద్రమైంది.