పాత ప్లేయర్ పియానోకు శత్రువు చొరబడే గాలే

ప్లేయర్ పియానో అంటే చిల్లుల పేపర్ రోల్ తిప్పితే తనే వాయించుకునే పియానో. దాన్ని బాగుచేయడమంటే సగం వడ్రంగం, సగం పంక్చర్ల పని. పెడల్స్ తొక్కితే లోపలి పెద్ద తిత్తులు గాలిని లాగేస్తాయి. పేపర్ రోల్‌లోని చిల్లు ట్రాకర్ బార్ (స్వరానికో రంధ్రం, దానికో గొట్టం ఉన్న ఇత్తడి పట్టీ) మీదికి రాగానే బయటి గాలి గొట్టంలో దూరి, పల్చటి తోలు పొరను ఉబ్బిస్తుంది. పొర వాల్వును ఎత్తుతుంది. ఆ స్వరానికున్న చిన్న తిత్తి చటుక్కున ముడుచుకుని సుత్తిని తోస్తుంది. చిల్లు దాటాక పొర కింద మిగిలిన గాలి బ్లీడ్ అనే సన్నటి రంధ్రంలోంచి పోవాలి. అది దుమ్ముతో పూడితే మీట నొక్కినట్టే ఉండిపోతుంది.

రోల్స్ కొనేముందు ట్రాకర్ బార్ చూడండి. 1908లో కుదిరిన ప్రమాణం 88 స్వరాలు, అంగుళానికి 9 చిల్లులు. అంతకుముందటి 65 స్వరాల రోల్ దానిమీద పలకదు.

అసలు పని తిత్తుల దగ్గరే. రబ్బరు పూసిన పాత గుడ్డ గట్టిపడి, మడత దగ్గర పగులుతుంది. ప్రతి తిత్తికీ పెన్సిల్‌తో నంబరు వేశాకే విప్పాలి. కొత్త గుడ్డ పల్చగా ఉండాలి. రెగ్జిన్ వేస్తే బిరుసెక్కి, వేగంగా మోగే స్వరాలు తడబడతాయి. అంటించడానికి వడ్రంగుల వజ్రమే (జంతువుల తోలు నుంచి తీసే బంక) మేలు. చన్నీళ్లలో నానబెట్టి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి 60 డిగ్రీల దగ్గర కరిగించాలి. మరిగితే పట్టు పోతుంది. ఫెవికాల్ లాంటి తెల్ల బంక సులువే, కానీ మళ్లీ విప్పే రోజున చెక్క పెళ్లలుగా లేచొస్తుంది. వజ్రం వేడికీ తడికీ వదులుతుంది. అంటించిన తిత్తిని నొక్కి, రంధ్రానికి వేలు అడ్డుపెట్టి తెరవబోతే అది తెరుచుకోకూడదు.

హైదరాబాద్ మే ఎండలకు చెక్క కుంచించుకుని స్క్రూలు వదులవుతాయి, అతుకుల్లోంచి గాలి దూరుతుంది. కొద్దిగా బిగిస్తే చాలు. బలం చూపితే మర చెడుతుంది. వానాకాలంలో పేపర్ తేమకు వెడల్పై, చిల్లులు పక్క స్వరాలను తాకుతాయి. బిగించాక ట్రాకర్ బార్ మొత్తం టేప్‌తో మూసి తొక్కి చూడండి. పెడల్ త్వరగా బరువెక్కకపోతే ఎక్కడో కారుతున్నట్టే. చెవికి రబ్బరు గొట్టం పెట్టుకుని వెతికితే బుస వినిపిస్తుంది.

కంప్యూటర్‌తో వాయించాలంటే ఒక్కో గొట్టానికి T ఆకారపు అతుకు కలిపి, కరెంటుతో తెరుచుకునే 88 సోలెనాయిడ్ వాల్వులు అమర్చవచ్చు. రోల్ కూడా పనిచేస్తూనే ఉంటుంది. సికింద్రాబాద్ రాణీగంజ్ బజారులో చవకగా దొరికిందని సన్న రంధ్రం వాల్వు తెచ్చుకోవద్దు, స్వరం ఆలస్యమవుతుంది. వాక్యూమ్ క్లీనర్ మోటారును నేరుగా తగిలిస్తే ఆ లాగుడుకు తోలు పొరలు చిరగవచ్చు. మధ్యలో లాగుడును అదుపులో ఉంచే స్ప్రింగు రెగ్యులేటర్ తప్పనిసరి.