మిల్లు కంప్యూటర్ బయోస్: కొన్ని అపోహలు, వాస్తవాలు

వరంగల్, పరకాల, జమ్మికుంట వైపు జిన్నింగ్ మిల్లుల్లో, రైస్ మిల్లుల్లో, లారీ కాంటాల దగ్గర పెట్టిన ఇండస్ట్రియల్ కంప్యూటర్లు బాగుచేయడం నా పని. బయోస్ అంటే కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే, బోర్డులోనే ఉండే చిన్న ప్రోగ్రాం; దానికి సొంత సెట్టింగుల పేజీలుంటాయి. దాని గురించి అక్కడ వినే మాటలు కొన్ని రాస్తున్నా.

అపోహ: లోపలి బిళ్ల బ్యాటరీ టైమ్ కోసమే.

పత్తి సీజన్‌లో ఒక కాంటా నుంచి ఫోన్. "సార్, చీటీ మీద పాత తారీఖు వస్తాంది." పాపం అతను రోజూ పొద్దున్నే తారీఖు చేత్తో మార్చుకుంటున్నాడు. చాలా కొత్త బోర్డుల్లో సెట్టింగులు ఫ్లాష్ చిప్‌లో (కరెంటు లేకున్నా గుర్తుంచుకునే చిప్) ఉంటాయి కాబట్టి బ్యాటరీ పోతే మామూలుగా టైమే పోతుంది, కానీ పాత బోర్డుల్లో సెట్టింగులు కూడా ఆ బ్యాటరీ మీదే బతుకుతాయి. రాత్రి మెయిన్ ఆపితే తెల్లారేసరికి అన్నీ పోయి, కొన్ని బోర్డులైతే ఎఫ్1 నొక్కమని అక్కడే నిలబడతాయి, కాంటా గదిలో చూస్తే కీబోర్డే ఉండదు. ఆ బిళ్ల బ్యాటరీ పేరు సీఆర్2032, అంటే 3 వోల్టులు. మీటర్ పెడితే 2.7 దాకా దిగిందంటే నేను ఇక ఆలోచించను, మార్చేస్తా.

అపోహ: డిఫాల్ట్స్ (కంపెనీ పెట్టిన మొదటి సెట్టింగులు) లోడ్ చేస్తే ఏ తిప్పలైనా పోతుంది.

ఈ పని ఒక కాంటా దగ్గర నేనూ చేశా. డిఫాల్ట్స్‌కు ఎఫ్9, తర్వాత సేవ్‌కు ఎఫ్10, అంతే, విండోస్ నీలం తెర మీద ఆగిపోయింది. ఆ విండోస్ వేసినప్పుడు సాటా మోడ్ (డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి) ఐడీఈలో ఉంది, డిఫాల్ట్‌లో అది ఏహెచ్‌సీఐ అయింది. వెనక్కి మారిస్తే లేచింది గానీ బరువు మాత్రం రాలేదు, ఎందుకంటే కాంటా తీగ తగిలించే కామ్ పోర్టు ఆర్ఎస్-485 అనే సిగ్నల్ పద్ధతికి పెట్టి ఉండేది, అది కూడా ఆర్ఎస్-232కి వెళ్లిపోయింది. అప్పట్నుంచి ఏది ముట్టుకునేముందైనా ప్రతి పేజీ ఫోన్‌లో ఫోటో తీసుకుంటున్నా.

అపోహ: కరెంటు వచ్చాక కంప్యూటర్ తనంతట తనే ఆన్ కావాలంటే బయోస్‌లో "లాస్ట్ స్టేట్" (చివరి స్థితి) పెడితే చాలు.

రాత్రి ఆపరేటర్ పద్ధతిగా షట్‌డౌన్ చేసి మెయిన్ ఆపుతాడు కదా, మరి దాని చివరి స్థితి ఆఫే! పొద్దున అలాగే పడుకుని ఉంటుంది. మిల్లుకు "పవర్ ఆన్" పెట్టండి. యూపీఎస్ ఉంటే ఇంకో మెలిక: కంప్యూటర్ షట్‌డౌన్ అయినా యూపీఎస్ ఆగకముందే కరెంటు వచ్చిందంటే, బోర్డుకు కరెంటు పోయిన సంగతే తెలియదు, కాబట్టి లేవదు. యూపీఎస్‌ను ఆపి, కాసేపాగి వేయాలి.

బయోస్ అప్‌డేట్ గురించి ఒక్క మాట: నడుస్తున్న మెషిన్‌కు వద్దు. మధ్యలో కరెంటు పోతే చాలాసార్లు బోర్డు పోయినట్టే.

అపోహ: వాచ్‌డాగ్ (మెషిన్‌ను కనిపెట్టుకుని ఉండే టైమర్) ఆన్ చేస్తే మెషిన్ హ్యాంగ్ కాదు.

హ్యాంగ్ అయితే రీసెట్ చేస్తుంది, అంతే. పైన నడిచే సాఫ్ట్‌వేర్ దానికి మధ్యమధ్యలో "బతికే ఉన్నా" అని చెప్పకపోతే బాగున్న మెషిన్‌ను కూడా రీసెట్ కొడుతుంది. రీస్టార్ట్‌ల మధ్య గ్యాప్ ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి, ప్రతిసారీ సెకన్లతో సహా ఒకటే అయితే ముందు అనుమానించాల్సింది దాన్నే. నాకు ఇది తట్టేలోపు ఒక రైస్ మిల్లులో రెండు ర్యాములు, ఒక ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటిచ్చే డబ్బా) మార్చేశా.