దీపం పక్కన ఆవగింజ

పిల్లలూ,

నెప్ట్యూన్ గ్రహం చందమామల పట్టిక చూసి మీలో ఒకరు అడిగిన ప్రశ్న భలేగా ఉంది. "తాతయ్యా, 340 కిలోమీటర్ల నెరీడ్ 1949లోనే దొరికింది. దానికంటే పెద్దది, 420 కిలోమీటర్ల ప్రోటియస్, 1989 దాకా దొరకలేదేం?"

పెద్దగా ఉంటే చాలదర్రా, ఎక్కడుందో కూడా చూడాలి. పాతిక సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి దీపం నెప్ట్యూన్ అనుకోండి. ఆ లెక్కన ప్రోటియస్ రెండు మిల్లీమీటర్లు, అంటే ఆవగింజ. దీపం నడిమధ్య నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో తిరుగుతుంటుంది. నెరీడ్ ఇంకాస్త చిన్న ఆవగింజ. అది మాత్రం ఒకసారి 7 మీటర్ల దగ్గరికి వస్తుంది, మరోసారి 49 మీటర్ల దూరం పోతుంది. మరి మనం నిలబడి చూసేది ఎక్కడి నుంచి? 22 కిలోమీటర్ల అవతలి నుంచి!

దీపం వెలుగు మన గాలిలోనూ దూరదర్శిని అద్దాల్లోనూ చెదిరి చుట్టూ మసకలా పరుచుకుంటుంది. ప్రోటియస్ ఆ మసకలోనే మునిగి ఉంటుంది. పైగా నల్లటిది, మీద పడ్డ వెలుగులో పదో వంతే తిప్పి పంపుతుంది. అక్కడి ఎండే మన ఎండలో 900వ వంతు. నెరీడ్ దూరంగా చీకట్లో ఉంది కనుక ఖగోళ శాస్త్రజ్ఞుడు జెరార్డ్ కైపర్ తీసిన ఫోటోలకు చిక్కింది. నా పోలికలో ఒక లోపముంది లెండి: నెప్ట్యూన్‌ది కూడా సూర్యుడి దగ్గర తెచ్చుకున్న అరువు వెలుగే.

వాయేజర్-2 నౌక 1989లో ఆ దీపం దగ్గరికే వెళ్లింది. అది పంపిన ఫోటోల్లో ప్రోటియస్ బయటపడింది. గుండ్రంగా లేదు, మూలలు తేలిన పెట్టెలా ఉంది! 396 కిలోమీటర్ల మైమస్, శని చందమామ, గుండ్రంగానే ఉంటుంది. ప్రోటియస్‌కేమైందో మరి. ఒంటిమీద 200 కిలోమీటర్లు దాటిన గుంట ఒకటుంది, పేరు ఫారోస్. ఆ దెబ్బకు ఎగిరిన ముక్కలతోనే 34 కిలోమీటర్ల బుల్లి చందమామ హిప్పోక్యాంప్ పుట్టిందని శాస్త్రజ్ఞుల ఊహ. 2013లో మార్క్ షోవాల్టర్ అనే శాస్త్రజ్ఞుడు, అంతరిక్షంలో తిరిగే హబుల్ దూరదర్శిని తీసిన పాత ఫోటోల్లో దాన్ని పట్టాడు. చందమామ కదిలిపోతుంటుంది కదా, ఆ కదలికకు తగ్గట్టు ఒక్కో ఫోటోనూ జరిపి, అన్నింటినీ కలిపాడు. ఒక్క ఫోటోలో కనబడనిది అలా చుక్కై తేలింది.

రాత్రి మీరూ చూడండి. గదిలో ఒక్క బల్బే వెలగనివ్వండి. దానికి జానెడు పక్కన, బల్బుకు తగలకుండా, నల్లదారంతో చిన్న బొగ్గుముక్క వేలాడదీయమని పెద్దవాళ్లను అడగండి. వెనక నల్లగుడ్డ ఉండాలి. పది అడుగులు వెనక్కి వెళ్లి చూస్తే బొగ్గు పోల్చుకోవడం కష్టం. ఇప్పుడు చేయి బారుగా చాచి, బొటనవేలితో బల్బును మూయండి. కాసేపు ఆగండి. ఒక కన్ను మూసుకోవడం మరవకండి. రెండూ తెరిస్తే ఒకదానికి వేలు అడ్డొచ్చినా రెండోదానికి బల్బు కనబడుతూనే ఉంటుంది, బొగ్గు మళ్లీ మాయం.

మీ తాతయ్య