టీకప్పు చెప్పిన కబురు: ప్రాక్సిస్ పేలుడు వెనక కథ

ఒక 'స్టార్ ట్రెక్' సినిమాలో కెప్టెన్ సులు తన ఎక్సెల్సియర్ అంతరిక్ష నౌకలో టీ తాగుతుంటాడు. మూడేళ్ల సర్వే పని పూర్తయింది, ఇక ఇంటిదారి పట్టడమే. ఇంతలో పక్కన పెట్టిన కప్పు సన్నగా వణకడం మొదలవుతుంది. అది జారి కింద పడి పగిలేసరికి నౌక మొత్తం ఊగిపోతుంటుంది. ఎక్కడో దూరాన క్లింగాన్లు అనే గ్రహాంతర జాతి మాతృగ్రహం చుట్టూ తిరిగే ప్రాక్సిస్ అనే ఉపగ్రహం పేలిపోయింది. ఆ సంగతి పరాయివాళ్లకు తెలిసింది ఇలాగే.

1991 డిసెంబర్ 6న అమెరికాలో విడుదలైన 'స్టార్ ట్రెక్ 6: ది అన్‌డిస్కవర్డ్ కంట్రీ' మొదలయ్యేది ఈ సీనుతోనే. కథ జరిగే సంవత్సరం 2293. సినిమాలో ప్రాక్సిస్ కనిపించేది కొన్ని క్షణాలే. సులు బృందం తెర మీద వెతికితే, గుండ్రటి చందమామ ఉండాల్సిన చోట ఎవరో కొరికి వదిలేసినట్టు ఒక ముక్క మిగిలి ఉంటుంది. క్లింగాన్లకు శక్తి సరఫరా చేసే ముఖ్య కేంద్రం అదే. అతిగా తవ్వేశారు, జాగ్రత్తలు గాలికొదిలేశారు, పేలింది. దాంతో మాతృగ్రహం క్రోనోస్ ఓజోన్ పొర విషమయమైంది, ఇంకో 50 ఏళ్లలో అక్కడ ఆక్సిజన్ అయిపోతుంది. గండం నుంచి గట్టెక్కడానికి డబ్బు కావాలి. ఖజానా సొమ్మేమో సైన్యం కింద పోతోంది. ఇక తమ పాత శత్రువు ఫెడరేషన్‌తో, అంటే భూమి కూడా ఉన్న గ్రహాల కూటమితో, సంధి తప్ప వేరే దారి లేదు.

ఈ సంధి అవసరం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే 1967కి వెళ్లాలి. ఆ ఏడాది మార్చిలో 'స్టార్ ట్రెక్' టీవీ సీరియల్‌లో వచ్చిన 'ఎరాండ్ ఆఫ్ మెర్సీ' ఎపిసోడ్‌లో క్లింగాన్లు తొలిసారి కనిపించారు. అప్పట్లో ప్రచ్ఛన్నయుద్ధం జోరుగా ఉంది. క్లింగాన్లంటే సోవియట్లకు మారువేషం అని చూసేవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఎప్పటికైనా మనుషులూ క్లింగాన్లూ మంచి స్నేహితులవుతారని అదే ఎపిసోడ్‌లో ఒక పాత్ర జోస్యం చెబుతుంది. 1987లో మొదలైన కొత్త సీరియల్ ఆ జోస్యాన్ని నిజం చేసేసింది. అందులో వోర్ఫ్ అనే క్లింగాన్ ఏకంగా ఫెడరేషన్ నౌక ఎంటర్‌ప్రైజ్‌లోనే ఆఫీసరు. కానీ ఆ శత్రుత్వం కాస్తా స్నేహం ఎలా అయింది? మధ్యలో పెద్ద ఖాళీ మిగిలిపోయింది.

దాన్ని పూడ్చే అవకాశం బయటి ప్రపంచమే ఇచ్చింది. 1989 నవంబర్‌లో బెర్లిన్ గోడ కూలింది. స్పాక్ పాత్రధారి లియొనార్డ్ నిమోయ్ ఈ సినిమాకు కథలో భాగస్వామి కూడా. అలాంటి గోడ అంతరిక్షంలో కూలితే ఎలా ఉంటుందన్నది ఆయన ఆలోచన. దర్శకుడు నికొలస్ మేయర్ దాన్ని పట్టుకున్నారు. క్లింగాన్ల పాలకుడు చాన్సలర్ గోర్కాన్ పేరులో సోవియట్ నేత గోర్బచేవ్ వినిపిస్తాడు, ముఖంలో లింకన్ కనిపిస్తాడు. ఇక చెర్నోబిల్ అణు ప్రమాదం వాటా ప్రాక్సిస్‌కు వచ్చింది.

ఈ పోలిక పైపైది కాదు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ నాలుగో రియాక్టర్ పేలినప్పుడు మాస్కో నోరు విప్పలేదు. రెండు రోజుల తర్వాత, సుమారు 1,100 కిలోమీటర్ల దూరాన స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణువిద్యుత్ కేంద్రంలో ఒక ఉద్యోగి బూట్లకు అంటుకున్న రేడియేషన్‌కి అలారం మోగింది. ముందు వాళ్లు తమ ప్లాంటులోనే ఏదో లీకైందని కంగారుపడ్డారు. ఆ సాయంత్రానికి గానీ సోవియట్ టీవీలో నాలుగు ముక్కల ప్రకటన రాలేదు. సినిమాలోనూ అంతే. సులు సాయం చేస్తామంటే క్లింగాన్ల నుంచి వచ్చే జవాబు ఇదీ: ఒక సంఘటన జరిగింది, అంతా అదుపులోనే ఉంది, మీ సాయం అక్కర్లేదు, సరిహద్దు దాటకండి. అక్కడ బూట్లు, ఇక్కడ టీకప్పు. సోవియట్ యూనియన్ కూలడానికి అసలు కారణం బహుశా చెర్నోబిలేనని గోర్బచేవ్ 2006లో రాశారు. సినిమా ఆ మాట 15 ఏళ్ల ముందే అనేసింది.

నాకు ఈ కథలో నచ్చేది కూడా ఇదే. క్లింగాన్లు మంచివాళ్లయిపోయి చెయ్యి చాపలేదు. ఇల్లు గడవక చాపారు. ఇటువైపు కథానాయకుడు, ఎంటర్‌ప్రైజ్ కెప్టెన్ కిర్క్ కూడా ఏమీ మహాత్ముడు కాదు. తన కొడుకుని క్లింగాన్లు చంపారు కాబట్టి, వాళ్ల జాతి చచ్చిపోతోందని తన సహచరుడు స్పాక్ చెబితే చావనీ అంటాడు. సంధి చెడగొట్టడానికి రెండు వైపులా యుద్ధప్రియులు చేతులు కలుపుతారు. గోర్కాన్ హత్యకు గురవుతాడు. షూటింగ్ మొదలైంది 1991 ఏప్రిల్‌లో. ఆగస్టులో మాస్కోలో అతివాదులు నిజంగానే గోర్బచేవ్‌ని నిర్బంధించి తిరుగుబాటుకు దిగారు. ఆయన ప్రాణాలతో బయటపడ్డా పదవి నిలవలేదు. సినిమా థియేటర్లలో ఉండగానే, డిసెంబర్ 25న, రాజీనామా చేశారు.

సైన్సు సంగతికొస్తే మాత్రం నవ్వొస్తుంది. మన చంద్రుడంత గోళాన్ని ముక్కలు చేసి చెదరగొట్టాలంటే సూర్యుడు ఐదు నిమిషాలకు పైగా వెదజల్లే శక్తి మొత్తం కావాలి. తవ్వకాల్లో పొరపాటుకి అంత పేలుడా! పైగా శూన్యంలో పేలితే శకలాలు అన్ని దిక్కులకూ ఎగరాలి గానీ సినిమాలో చూపినట్టు పళ్లెంలా చదునైన అల రావడానికి కారణం కనబడదు. సినిమా తెలివిగా దాన్ని 'సబ్‌స్పేస్' అనే కల్పిత మాధ్యమంలో పుట్టిన అల అనేసి తప్పించుకుంది. తెర మీద ఆ అల నీలి వలయం అందంగా ఉందనడంలో మాత్రం సందేహం లేదు. దాన్ని తయారుచేసిన విజువల్ ఎఫెక్ట్స్ సంస్థ ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ వాళ్లే 1997లో 'స్టార్ వార్స్'ని మళ్లీ విడుదలకు ముస్తాబు చేసినప్పుడు అందులోని డెత్ స్టార్ అనే భారీ అంతరిక్ష ఆయుధ కేంద్రం పేలుడుకీ అలాంటి వలయమే తొడిగారు. 'ప్రాక్సిస్ ఎఫెక్ట్' అనే పేరు అలా స్థిరపడింది.

2013లో వచ్చిన 'స్టార్ ట్రెక్ ఇన్‌టు డార్క్‌నెస్'లో క్రోనోస్ పక్కన మళ్లీ ఒక పగిలిన చందమామ కనిపిస్తుంది. అది ప్రాక్సిసేనని అభిమానుల లెక్క. ఆ కథ వేరే కాలరేఖలో, అంటే చరిత్ర మరోలా నడిచిన ప్రపంచంలో, 2259లో జరుగుతుంది. అంటే పాత పేలుడుకు 34 ఏళ్ల ముందే. అక్కడ సంధి ఊసే లేదు. ఆ ముక్కల కిందే, పాడుబడ్డ వీధుల్లో కిర్క్ బృందానికీ క్లింగాన్లకూ మధ్య కాల్పులు జరుగుతాయి.